గాలి సరే... దుమ్ము సంగతో?

లీటరు పెట్రోలు కాలాలంటే ఎంత గాలి కావాలి? ఏళ్ల తరబడి బండి నడుపుతున్నవాళ్లను అడిగినా తడుముకుంటారు. లెక్క మాత్రం తేలికే. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అంటే దానికి 11 కిలోల గాలి. అంత గాలిని లీటర్లలో కొలిస్తే సుమారు 9 వేలు! ఇంచుమించు ఓ మనిషి రాత్రీ పగలూ కలిపి పీల్చే గాలి అది. లీటరుకు యాభై కిలోమీటర్లు ఇచ్చే మోటార్‌సైకిల్ దాన్ని గంటా గంటన్నరలో పీల్చేస్తుంది. 12 వేల కిలోమీటర్లు తిరిగేసరికి 21 లక్షల లీటర్లు దాటుతుంది.

ఈ గాలంతా ఒకే ఒక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలి. ఆ గుమ్మం దగ్గర కాపలా ఉండేదే ఎయిర్ ఫిల్టర్. సీటు కిందో, పక్క డబ్బాలోనో దాగి ఉంటుంది. మడతలు మడతలుగా పెట్టిన కాగితం, లేదంటే నూనె పట్టించిన స్పాంజి. కంపెనీదైతే చాలా బండ్లకు కొన్ని వందల్లోనే వస్తుంది. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. అందుకే కుర్రకారుకు దానిమీద చిన్నచూపు.

కరీంనగర్ దగ్గర్లోని ఓ ఊళ్లో ఇరవై రెండేళ్ల కుర్రాడిదీ అదే వరస. కొరియర్ సంస్థలో సరుకులు చేరవేసే ఉద్యోగం. రోజుకు డెబ్భై ఎనభై కిలోమీటర్ల తిరుగుడు. 150 సీసీ బండి. వాళ్ల నాన్న 2016లో కొన్నది. ఆయన గ్రానైట్ క్వారీలో పద్దెనిమిదేళ్లు రాళ్లు కోశాడు. ఇప్పుడు పనిలోకి పోలేక ఇంటిపట్టునే ఉంటున్నాడు. బండి తిరిగితేనే ఆ ఇంట్లో నెల గడిచేది.

సావాసగాళ్లు ఊరుకోరుగా! "కంపెనీ ఫిల్టర్ పెట్టి బండి ముక్కు మూసి ఉరకమంటున్నవ్‌రా. అది తీసి పారేయ్. గాలి మంచిగ గుంజితే బండి ఎట్ల ఉరుకుతదో చూడు" అన్నారు. ఒకడు తన బండికి పెట్టిన శంఖం ఆకారం ఫిల్టర్ చూపించాడు. నాలుగు వందలట. ఇంకొకడు సెల్‌ఫోన్‌లో నూలుగుడ్డ ఫిల్టర్ చూపించాడు. విదేశీ సరుకు, నాలుగు వేలు. కడుక్కుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చట. కుర్రాడు మూడు నెలలు కూడబెట్టి ఆ నాలుగు వేలూ జేబులో వేసుకుని మెకానిక్ దగ్గరికి బయల్దేరాడు.

నిజానికి ఆ నూలు ఫిల్టర్లేమీ పనికిమాలినవి కావు. వాటికో చరిత్ర ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ అనే ఊళ్లో 1969లో కే అండ్ ఎన్ సంస్థ పుట్టింది. పెట్టినవాళ్లు మోటార్‌సైకిల్ రేసుల మనుషులు. సన్నటి నూలుగుడ్డను పొరలు పొరలుగా పేర్చి, రెండు వైపులా అల్యూమినియం జాలీ పెట్టి, నూనె పట్టిస్తారు. దుమ్ము ఆ నూనెకు అంటుకుపోతుంది. గాలి కాగితంలోకన్నా సులువుగా వెళుతుంది. రేసులో బండి ఎప్పుడూ పూర్తి రేజులోనే ఉంటుంది. అక్కడ రవ్వంత గాలి ఎక్కువ అందినా లాభమే. ఇంకో సంగతి, రేసు బండి ఇంజన్‌ను తరచూ విప్పి చూసుకుంటారు. రింగులు అరిగితే మార్చేస్తారు. ఊళ్లో సరుకులు మోసే బండి ఇంజన్‌ను విప్పారంటే? ఆ నాలుగు రోజుల సంపాదనా గాల్లో కలిసినట్టే.

మెకానిక్ కుర్రాడి మాటలన్నీ విన్నాడు. స్పానర్ పక్కన పెట్టి ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"తమ్మీ, రోజూ ఎంత స్పీడుల పోతవ్?"

"నలభై, యాభై అన్నా."

"మరి గప్పుడు నీ బండికి గాలిని ఆపేది ఫిల్టర్ కాదు. నీ చెయ్యి!"

హాస్యానికన్నా అందులో ఉన్నది పచ్చి నిజం. కార్బురేటర్‌లో గాలి దారికి ఓ తలుపు ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే అది తెరుచుకుంటుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆ తలుపు కొంచెమే తెరిచి ఉంటుంది. గాలికి అసలు అడ్డు అదే. శుభ్రంగా ఉన్న ఫిల్టర్ పెట్టే అడ్డు దాని ముందు ఏపాటిది? వీధి గుమ్మం ఓరగా వేసి ఉంచి, పెరటి కిటికీకి పెద్ద రెక్కలు పెట్టించుకుంటే ఇంట్లోకి గాలి పెరుగుతుందా? తేడా తెలిస్తే గిలిస్తే యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినప్పుడే తెలియాలి.

మరి ఫిల్టర్ మార్చిన ప్రతివాడూ పికప్ పెరిగిందంటాడేం? దానికీ మెకానిక్ దగ్గర జవాబుంది. "సప్పుడు పెరుగుతది తమ్మీ. సప్పుడు పెరిగితే బలం పెరిగినట్టే అనిపిస్తది." ఫిల్టర్ ఉండే డబ్బా ఉత్తి ప్లాస్టిక్ పెట్టె కాదు. ఇంజన్ గాలి పీల్చే చప్పుడును అది అణిచిపెడుతుంది. వాన నీళ్లు లోపలికి పోకుండా కాస్తుంది. లోపలికి వెళ్లే గాలి నిలకడగా ఉండేలా చూస్తుంది. శంఖం ఫిల్టర్ పెట్టాలంటే ఆ డబ్బానే తీసేయాలి. అప్పుడు ఇంజన్ బుసలు కొడుతుంది. కుర్రాళ్లకు ఆ బుసే బలంగా వినిపిస్తుంది.

చిక్కు అక్కడితో ఆగదు. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టుకు ఓ కొలత ఉంటుంది. కంపెనీ ఫిల్టర్‌నూ డబ్బానూ లెక్కలోకి తీసుకునే ఆ కొలత పెడతారు. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది. ఇంజన్ వేడెక్కుతుంది. రేజు తగ్గించినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని పేలుతుంది. సరిచేయాలంటే పెద్ద జెట్టు వేయాలి. వేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నాలుగు వందల ఫిల్టర్‌తో మొదలైన ఖర్చు ఎక్కడ తేలుతుందో చెప్పలేం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. వాటిలో సెన్సర్ పొగను చూసి పెట్రోలును కొంతవరకు సర్దుకుంటుంది. అయితే కొంతవరకే. దుమ్మును మాత్రం ఏ సెన్సరూ సర్దలేదు.

అసలు విషయం ఆ దుమ్మే. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లోంచి తీసే గ్రానైట్ దేశాలు దాటి పోతుంది. ఆ రాళ్లు మోసే లారీల వెనకే కుర్రాడి తిరుగుడంతా. గ్రానైట్‌లో పలుగురాయి పాలు బాగా ఉంటుంది. చాకుతో గీస్తే పలుగురాయి మీద గీత పడదు. పలుగురాయితో గీస్తే చాకు మీద పడుతుంది. మరి ఆ పొడి ఇంజన్‌లోకి వెళితే? సిలిండర్ గోడకూ పిస్టన్ రింగులకూ మధ్య ఉండే నూనె పొర వెంట్రుక మందంలో ఎన్నో వంతు కూడా ఉండదు. కంటికి కనిపించని ఆ నలుసులు సరిగ్గా ఆ సందులోకే దూరతాయి. నూనెతో కలిసి ఆకురాయిలా గీకుతాయి. ఒక్కరోజులో ఏమీ తెలియదు. మెల్లమెల్లగా ఇంజనాయిల్ తరగడం మొదలవుతుంది. సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతుంది. అప్పుడు మెకానిక్ పెదవి విరిచి అనే మాట అందరికీ తెలిసిందే: "ఇంజన్ బోరుకొచ్చింది."

అందుకే ఫిల్టర్ కొనేటప్పుడు అడగవలసినవి మూడు. గాలికి ఎంత అడ్డు పెడుతుంది? దుమ్మును ఎంత ఆపుతుంది? నిండిపోయే లోపు ఎంత దుమ్మును పట్టుకోగలదు? ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అని అంతర్జాతీయ పద్ధతి ఉంది. అందులో ఈ మూడూ కొలుస్తారు. కొలతలో పెట్టిన సన్నటి దుమ్మును ఫిల్టర్ మీదికి వదిలి, ఎంత ఆగిందో, ఎంత దాటిపోయిందో తూకం వేస్తారు. దుకాణంలో డబ్బా మీద మాత్రం మొదటిదే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది: గాలి ఎక్కువ వస్తుందని. మిగిలిన రెండూ అడిగితేగానీ చెప్పరు.

మంచి కంపెనీ నూలు ఫిల్టర్, అదీ పాత డబ్బాలోనే సరిగ్గా కూర్చునేది, తారురోడ్ల మీద దూరప్రయాణాలు చేసేవారికి పనికొస్తుంది. కడిగి, నీడలో ఆరబెట్టి, చెప్పినంత నూనె పట్టించే ఓపిక ఉండాలి. నూనె తగ్గితే దుమ్ము దాటుతుంది. ఎక్కువైతే గాలి ఆడదు. దుమ్ము దారుల్లో రోజంతా తిరిగి, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవాడికి ఆ ఓపిక ఎక్కడిది?

బండి మందగించిందనేవారు మొదట చేయాల్సింది వేరే ఉంది. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల కార్ల మీద ఓ పరిశీలన చేసింది. పాత కార్బురేటర్ కార్లలో మూసుకుపోయిన ఫిల్టర్ తీసి కొత్తది పెడితే మామూలుగా 2 నుంచి 6 శాతం దాకా మైలేజీ పెరగవచ్చని తేల్చింది. ఇంజెక్షన్ కార్లలో మైలేజీ పెద్దగా మారలేదు, పికప్ మాత్రం మెరుగుపడింది. చిత్రం చూశారా! వేలు పోసి కొనాలనుకున్న లాభం వందల్లో దొరికే కొత్త కంపెనీ ఫిల్టర్‌లోనే ఉంది. కుర్రాడి బండి డబ్బా మూత విప్పితే ఫిల్టర్ ఇటుక రంగుకు తిరిగి ఉంది. ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు.

ఆ రాత్రి ఇంట్లో ఇదే చర్చ. అమ్మ అన్నం వడ్డిస్తోంది. కుర్రాడింకా ఊగిసలాటలోనే ఉన్నాడు. "మెకానిక్ అన్న పాతకాలపోడు బాపూ. గాలి మంచిగ ఆడితే తప్పేంది?" అన్నాడు.

ఆయన వెంటనే జవాబివ్వలేదు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగాడు.

"క్వారీల మాస్కు ఇచ్చిన్రు బిడ్డా. అది పెట్టుకుంటే గాలాడకపోయేది. ఉక్కపోసేది. తీసి పక్కకు పెట్టి రుమాలు కట్టుకున్న. రుమాల్లకెళ్లి గాలి మంచిగనే ఆడింది..." మళ్లీ దగ్గు. "దుమ్ము గూడ గంతే మంచిగ ఆడింది."

రాతిదుమ్ము చేరిన ఊపిరితిత్తుల్ని మళ్లీ మామూలు చేసే మందు లేదు. సిలికోసిస్ అంటారు దాన్ని. ఇంజన్ బోరుకొస్తే కొత్త పిస్టన్ వేసుకోవచ్చు. మనిషికి ఆ వసతి లేదు. అన్నం కలుపుతున్న కుర్రాడి చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత ఫిల్టర్ మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు కంపెనీ కాగితం ఫిల్టర్లే రెండు కొన్నాడు. ఒకటి బండికి, ఒకటి దాచుకోవడానికి. మెకానిక్ రెండు జాగ్రత్తలు చెప్పాడు. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్లకు. దుమ్ము దారులైతే అంతకన్నా ముందే మార్చాలి. ఫిల్టర్ పెట్టేటప్పుడు రబ్బరు అంచు సరిగ్గా కూర్చోవాలి, రవ్వంత సందున్నా గాలి ఆ దారినే పడుతుంది. అప్పుడప్పుడు ఫిల్టర్ తీసి, దానికి అవతల ఇంజన్ వైపున్న గొట్టంలో తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు మట్టి అంటిందా, కాపలా తప్పినట్టే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఫిల్టర్ ఏదైనా ఇదే పరీక్ష.

మిగిలిన డబ్బులోంచి కుర్రాడు తనకోసం మరొకటి కూడా తెచ్చుకున్నాడు. లారీల వెనక వెళ్లేటప్పుడు పెట్టుకోవడానికి మంచి రకం మాస్కు. ఇంట్లో పెట్టుకుని చూపించాడు. తండ్రి దగ్గరికి పిలిచాడు. ముక్కు మీది తీగను రెండు వేళ్లతో నొక్కాడు. చెంపల పక్కన అంచు వెంబడి వేలు పోనిచ్చి చూశాడు.

"ఊపిరి కొంచెం కష్టంగ ఉంది బాపూ" అన్నాడు కొడుకు.

"ఉండనీ" అన్నాడాయన.