హాజరు 75 శాతం

కర్ణాటకలో కాలేజీ ఎన్నికలు మళ్ళీ పెట్టాలన్న మాట వినిపిస్తోంది. 1989 ప్రాంతంలో ఆపేశారు. ఇప్పుడు చింతామణిలో, బాగేపల్లిలో డిగ్రీ చదివే పిల్లలకు ఆ సందడి గురించి ఏ పెదనాన్నో చెబితేనే తెలియాలి. సరే, పెట్టండి. కానీ ఏ నియమాలతో?

విద్యార్థి ఎన్నికలపై 2006 నాటి లింగ్డో కమిటీ ప్రకారం పోటీకి నిలబడాలంటే కనీసం 75 శాతం హాజరుండాలి, ఆ ఏడాది బ్యాక్‌లాగ్ ఉండకూడదు. ఎన్నికల్లో రౌడీయిజం తగ్గాలని పెట్టిన షరతులే, కాదనను. అయితే ముందు ఆగిపోయేది ఎవరు? డిస్లెక్సియాతో ఒక పేపరు పోయిన అబ్బాయి, ఫిజియోథెరపీకని చిక్కబళ్ళాపురం నుంచి బెంగళూరుకు బస్సెక్కే అమ్మాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజం సహా 21 వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లిచ్చింది. విద్యార్థి సంఘం ఊసు మాత్రం అందులో లేదు.

పక్కనున్న తమిళనాడు 2025లో స్థానిక సంస్థల్లోకి వికలాంగులను నామినేట్ చేసేలా చట్టం చేసింది. మంచిదే. విద్యార్థి సంఘాల్లో మాత్రం నాకైతే నామినేషన్‌ కంటే ఆ హాజరు షరతు సడలింపే ముందు కావాలి. ఓట్లతో గెలిచినవాడు జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ గురించి, పరీక్షలో అదనపు సమయం గురించి ప్రిన్సిపాల్‌ని గట్టిగా నిలదీయగలడు.