కలగూరగంప

మా సోమల వైపు కలగూరంటే తిట్టు కాదు. నాలుగు చినుకులు పడ్డాక గట్ల మీద మొలిచే గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు, పెరట్లో నాలుగు రెమ్మల సిర్రాకు, ఏది దొరికితే అది తెచ్చి, ఇంత కందిబేడలూ పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి ఉడికించి, పప్పుగుత్తితో బాగా ఎనిపితే, వేడి సంగటిలోకి అంతకు మించింది లేదు. ఇందులో ఏ ఆకు రుచి ఏదో విడదీసి చెప్పమంటే మా జేజి కూడా చెప్పలేకపోయేది. "తిన్నోళ్లకి మేలు చేస్తాది, నీకెందుకు పో" అనేది.

అటువంటి కలగూరకు ఏం పాపం పట్టిందో గానీ, చదువుకున్నవాళ్లు మన వారపత్రికల్ని వెక్కిరించాలంటే మాత్రం "అదో కలగూరగంప" అనేస్తారు. ఒక కథ, ఒక సీరియల్, డాక్టరుగారి సలహా, ఢిల్లీ రాజకీయం, సినిమా కబుర్లు, మధ్యలో అరటిపువ్వు వడలు. "వీటిలో ఒకదానికీ మరొకదానికీ ఏమైనా పొత్తుందా అమ్మా?" అని ఆమధ్య ఒక పెద్దమనిషి నన్నే నిలదీశారు. నవలలు రాసేదాన్ని కదా, నేనూ తన పక్షమే అనుకున్నట్టున్నారు.

పొత్తు లేకపోవడమేమిటండీ! అసలు మన పత్రికల పుట్టుకలోనే మందుసీసా ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. జనం తలనొప్పులు తగ్గించగా వచ్చిన డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. మద్రాసులో డాక్టర్ కేసరిగారు ఆడవాళ్ల కోసం 'లోధ్ర' మందు అమ్ముతూ, ఆ ఆడవాళ్ల కోసమే 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. మాలతీ చందూర్ గారి సంగతి మీకు నేను చెప్పాలా? ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' పేరుతో దశాబ్దాల తరబడి ఆడవాళ్ల ప్రశ్నలకు జవాబులు రాసిన చేత్తోనే వంటల పుస్తకమూ రాశారు, 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన 'హృదయనేత్రి' నవలా రాశారు. ఆ చేతికి లేని అడ్డుగోడ మనకెందుకు?

ఇంతకీ మా ఇంటి సంగతి చెబుతాను. నా చిన్నప్పుడు వారపత్రిక పుంగనూరు బస్సులో వచ్చేది. ఒకే ప్రతి, చదివే ఇళ్లు అయిదు. చివరికి మా ఇంటికి తిరిగొచ్చాక అమ్మ సీరియల్ కాగితాలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, దబ్బనంతో దారం గుచ్చి కుట్టేది. మీ ఇళ్లలోనూ అటువంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. అయితే వాటిలో ఒక తమాషా ఉంది. మనం దాచుకున్నది సీరియల్నే గానీ, కాగితం అన్నాక దానికి రెండో వైపు కూడా ఉంటుందిగా! ఆ వైపున సగం తెగిన సినిమా సమీక్షో, పసిపిల్లల విరోచనాలకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ల సంగతో, ఎన్నికల బొమ్మో, ఏదో ఒకటి అడగకుండానే వచ్చి కూర్చునేది.

నాకు పన్నెండేళ్లప్పుడు మా చిన్నమ్మకు దగ్గు పట్టుకుంది. ఒక నెల దాటింది, రెండో నెల వచ్చింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఇచ్చిన ఎర్రమందు సీసాలు మూడు ఖాళీ అయ్యాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రవికెలు వదులయ్యాయి. ఇంట్లో అందరికీ అనుమానమే, నోరు విప్పేవాళ్లు లేరు. పెద్దకూతురికి సంబంధాలు చూస్తున్న రోజులవి. "ఆ ఇంట్లో క్షయ ఉందంట" అన్న మాట ఒక్కసారి గడప దాటిందంటే, ఇక ఆ గడప తొక్కి పిల్లనడిగేవాళ్లుండరని భయం.

ఆ భయం సగం ఊరిదైతే సగం సినిమాది. వెండితెర మీద ఎవరైనా దగ్గారంటే చేతిరుమాలు మీద ఎర్రటి మరక, ఆ పైన ఒక విషాదగీతం, ఆ తర్వాత 'శుభం'. కాలం మారి దగ్గు పోయి క్యాన్సర్ వచ్చింది. 1981లో 'ప్రేమాభిషేకం'కీ, 1989లో 'గీతాంజలి'కీ మనమంతా కొంగులు తడుపుకున్నవాళ్లమే. సినిమాలో జబ్బు కథను ముగించడానికి వస్తుంది. పాపం, సినిమావాళ్ల అవసరం అది. కానీ హాల్లోంచి బయటికొచ్చినా మన మనసు మాత్రం జబ్బు అనగానే 'శుభం' కార్డు కోసమే చూస్తుంది.

ఒక మధ్యాహ్నం చిన్నమ్మ అమ్మ కుట్టిన సీరియల్ పుస్తకం చదువుకుంటూ, ఒక కాగితం తిప్పి అక్కడే ఆగిపోయింది. నాయకుడు నాయికను కారెక్కించుకున్న పేజీ వెనకాల డాక్టరుగారి సలహా ఉంది. మూడు వారాలు దాటిన దగ్గును అశ్రద్ధ చేయవద్దనీ, కళ్లె పరీక్ష చేయించుకోవాలనీ, క్షయ వంశపారంపర్యం కాదనీ, మందులు మానకుండా వాడితే నయమవుతుందనీ. అంతే, పది పన్నెండు వరసలు. ఇంట్లోవాళ్లు ఆ మాట అనివుంటే ఆమె ఏడ్చేది, కోప్పడేది. కాగితం వేలెత్తి చూపదు కదా! సాయంత్రం పుస్తకం తెచ్చి అమ్మ ముందు పెట్టి, "అక్కా, ఇది చదివినావా?" అంది.

మర్నాడు ఊళ్లో అందరికీ ఏం చెప్పారో తెలుసా? మదనపల్లెకు సినిమాకు పోతున్నామని! నమ్మకం కలగడానికి నన్ను కూడా తీసుకుపోయారు. పుంగనూరులో బస్సు మారి మేం దిగింది సినిమాహాలు దగ్గర కాదు, ఆరోగ్యవరంలో.

అక్కడి క్షయ ఆస్పత్రి 1915 నాటిది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా అటువంటి చోట్ల ఇచ్చే వైద్యమంతా విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. ఏళ్ల తరబడి ఇల్లూ పిల్లల్నీ వదిలి ఉండాల్సి వచ్చేది. ఆ తర్వాత మద్రాసులో ఒక పరిశోధన చేసి, ఇంట్లోనే ఉండి మందులు వాడినవాళ్లకు కూడా ఆస్పత్రిలో ఉన్నవాళ్లలాగే నయమవుతోందనీ, దానివల్ల ఇంట్లోవాళ్లకు అదనంగా వచ్చే ముప్పేమీ లేదనీ 1959లో తేల్చారు. ఆ ఫలితం పుణ్యమా అని మా చిన్నమ్మ మాత్రల పొట్లంతో ఆ సాయంత్రమే ఇంటికొచ్చింది.

వచ్చీ రాగానే పక్కింటివాళ్లు, "సినిమా ఎట్లుంది? కథ చెప్పండి" అన్నారు. అమ్మ తడుముకోలేదు. వారపత్రికలో సమీక్ష చదివి ఉంది కదా, పాటలతో సహా చెప్పింది. మందులు వాడినన్నాళ్లూ నెలకొక సినిమా, నెలకొక కథ! మేం చూడని సినిమాలు ఊరంతా విని, "మీకేమమ్మా" అని అసూయపడింది కూడా.

ఇప్పుడు చెప్పండి, కథకూ సినిమాకూ ఆరోగ్యానికీ పొత్తు లేదా? రాజకీయానికి మాత్రం లేదా? 1992లో నెల్లూరు జిల్లాలో ఏం జరిగింది? అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడు మూలంగా కూలిన సంసారం కథ అది. మన ఇంటి కథే కదా అనుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం వార్త అయింది, వార్త చట్టమైంది.

ఇవాళ అందరి చేతుల్లో ఫోనుంది. కథలు కావాలంటే కథలు, వైద్యం కావాలంటే వైద్యం. కాకపోతే అది మహా మర్యాదస్తురాలు. మనం ఇష్టంగా తిన్నదే మళ్లీ మళ్లీ వడ్డిస్తుంది. ప్రేమకథ చూస్తే మరో పది ప్రేమకథలు. ఆనాడు చిన్నమ్మ చేతిలో ఫోను ఉన్నా 'దగ్గు' అని వెతికి ఉండేదనుకోను. తెలియనివాళ్లు అడుగుతారు గానీ భయపడేవాళ్లు అడగరు. వాళ్ల కోసమే అడగని పేజీ ఒకటి ఉండాలి.

చిన్నమ్మ మందులు ఒక్కరోజు కూడా మానకుండా వాడింది. కూతురి పెళ్లయింది, మనవరాళ్లూ వచ్చారు. చాలా ఏళ్లకు, వీధిలో ఒక కొత్తకోడలు దగ్గుతూ కొంగు చాటు చేసుకుంటుంటే, నలుగురి ముందే, "నాకూ వచ్చినాదమ్మా, పోయినాది. నువ్వూ పో, చూపించుకో" అంది. ఊరు ముక్కు మీద వేలేసుకుంది. అమ్మ చెప్పిన సినిమాల గుట్టు అప్పుడు తెలిసింది!

ఇప్పుడు రెండు వారాలు దగ్గితేనే పరీక్ష చేయించుకోమంటున్నారు. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా మందులూ ఉచితం. 2018 నుంచి మంచి తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు.

మీరు ఈ సంచిక తెరిచింది సీరియల్ కోసమే అయివుంటుంది. తప్పేం లేదు, మా అమ్మా అంతే. చించి దాచుకునే ముందు ఒక్కసారి కాగితం వెనక్కి తిప్పండి. మీ ఇంట్లో ఎవరో అడగలేక దాచుకున్న ప్రశ్నకు జవాబు అక్కడ ఉండొచ్చు.