తాటిపాకలో గ్యాసు

ఓ.ఎన్.జి.సి. చమురుశుద్ధి కర్మాగారమున్న తాటిపాకలో ‘గ్యాసు’ ఆంగ్లపదమని తలచువారరుదు. వంటయింటి సిలిండరు గ్యాసు, అజీర్ణము గ్యాసు, కోతలు కోయుటయు గ్యాసు కొట్టుటయే! 17వ శతాబ్దిలో వాన్ హెల్మాంట్ గ్రీకు ‘ఖావోస్’ శబ్దమునుండి దీనిని కల్పించెను.

మన వాయుశబ్దము ‘వా’ ధాతుజన్యము. ధాత్వర్థములు గతి, గంధనము. గంధనమనగా హింసయు, సూచనమును గూడ. 1995 జనవరిలో పాశర్లపూడి బావినుండి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామమున గొట్టము పేలి 20 మందికి పైగా మరణించిరి. హింసార్థమునకు ఇంతకన్న ఉదాహరణము వలదు.

ఇక సూచనము. సహజవాయువునకు స్వతః వాసన లేదు. వంటగ్యాసునకు దుర్గంధమును కలుపుట ఎఱుకపఱచుటకే. ఆ వాసన తగిలిన యింట ‘గ్యాసు!’ అను కేకకు వేఱు వివరణ మక్కఱలేదు.