పాతబండి, క్రొత్తయినుము

మన యిండ్లలో కొందఱు పురుషులకు పేకాట యెట్లో, ఇంగ్లండులో కొందఱికి పాతకాలపు పరుగుబండిని విప్పి బిగించుట యట్టిది. మావారికి పేకాట లేదు. ఆక్స్‌ఫర్డు ప్రాంతమున నొక పాఠశాలలో గణితము చెప్పుకొనుచు, ఈ దేశమునకు వచ్చిన యేడవయేట, 1971లో తయారైన యెమ్.జి.బి. రోడ్‌స్టరు నొకదానిని కొని తెచ్చిరి. సోదరీమణులు నవ్వినను సరే, ఆ బండిని గూర్చి ఇల్లాలి పక్షమున కొన్ని మాటలు వ్రాయ దలచితిని.

ఈ జాతి బండి 1962లో వెలువడినది. మాకు సమీపముననే యున్న ఆబింగ్డన్ పట్టణపు కర్మాగారములో 1980 వఱకు అయిదు లక్షలకు పైగా తయారైనవి. ఆసనములు రెండే. పైకప్పు గుడ్డది, మడచి వెనుకకు త్రోయవచ్చును. ఇంజను కొలత 1798 ఘనపు సెంటిమీటర్లు. వేమన పద్యములను అచ్చొత్తించిన బ్రౌనుదొర పుట్టిన సంవత్సరమును 1798యే యని నేననగా మావారు, “నీకు ఇంజనులో గూడ సాహిత్యమే కనబడును” అనిరి. కనబడిన నేమి తప్పు?

బండి యెఱ్ఱగా, అద్దమువలె మెఱయుచు వచ్చినది. త్రుప్పు లేదని అమ్మిన పెద్దమనిషి చెప్పెనట. మా చిన్నది వంటయింటి ఫ్రిజ్జుమీది అయస్కాంతపు చిలుకను తెచ్చి బండికి అంటింప మొదలిడినది. తలుపునకు అంటినది, బానెట్టునకు అంటినది, తలుపు క్రింద మాత్రము నిలువక జారి నేల బడినది. ఇనుము ఉండవలసినచోట పుట్టీ యున్నదన్నమాట. మావారు స్క్రూడ్రైవరుతో గీయగా గోధుమరంగు పొడి దోసెడు రాలినది. ఆ రాత్రి ఆయన సరిగా భోజనము చేయలేదు.

తలుపు క్రింద త్రుప్పు పట్టిన నేమి యని నేనును మొదట అనుకొంటిని. కాని ఈ బండికి విడిగా చట్రము లేదు. ఒంటి రేకే దానికి ఎముక. పైకప్పు బలము లేదు గనుక, బరువు మోయునవి నేలరేకును, నడుమ సొరంగమువంటి భాగమును, తలుపుల క్రింద పొడవుగా నుండు రెండు పెట్టెదూలములును. ఆ దూలములనే సిల్లులందురు. పలు రేకులు అతికి చేసినవి, లోపల బోలు. చలికాలమున మంచు గడ్డకట్టకుండుటకై ఈ దేశపు బాటలమీద ఉప్పు చల్లుదురు. ఆ యుప్పునీరు బోలులో చేరి లోపలినుండి తినుచు వచ్చును, పైరంగు చెక్కుచెదరదు. సిల్లు చివికినచో బండి నడుము వంగును, తలుపులు బిగిసిపోవును.

మార్గములు రెండు. ఈ బండికి క్రొత్త ఒంటిపెంకును, వెనుకటి అచ్చులతోనే, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వారు 1988 నుండి చేయుచున్నారు. దానిని కొని పాత యంత్రభాగములను అందులోనికి మార్చుకొనవచ్చును. వెల పదివేల పౌండ్లు దాటును. రెండవది, చివికినంత మేర కోసి క్రొత్త రేకు అతుకుట. సొమ్ము తక్కువ, కాలము మిక్కుటము. మావారి మనసు మొదటిదానిపై పోయినది. అందుకు చాలవలెనన్న, వేసవిలో తెనాలి పోయి అత్తగారిని చూచివచ్చుటకు దాచిన పైకమును గూడ కలుపవలెను. ఆమెకు డెబ్బది యెనిమిదేండ్లు.

నేను సొమ్ము మాట యెత్తలేదు. వాదమును బండిమీదనే నడిపితిని. మా తాతగారు నాకు వసుచరిత్రము చెప్పునపుడు పురుగు తినిన తాటాకుల ప్రతి నొకటి చూపెడివారు. నాలుగక్షరములు పోయినచో వేఱుప్రతి చూచి ఆ నాలుగే పూరింతురు గాని, పద్యమునే క్రొత్తగా వ్రాసి భట్టుమూర్తిది అనరు. బ్రౌనుదొర కడపలో పండితులను కూర్చుండబెట్టి ప్రతులు సరిచూపించినదియు అందుకే. “పెంకే మార్చిన తరువాత, ఏమండీ, మీరు బాగుచేసిన బండి యేదని చెప్పుదురు?” అని అడిగితిని. ఆయన రెండు దినములు పలుకలేదు. మూడవనాడు అత్తగారికి ఫోను చేసి ప్రయాణపు తేదీ చెప్పిరి. ఆమె సంగతి యంతయు విని, “ఆ బండి ముసలిదేమిరా, నాకంటె చిన్నదేగదా!” అన్నది.

పని రెండు చలికాలములు పట్టినది. కోయుటకు ముందు తలుపు ద్వారమునకు అడ్డముగా ఇనుప కడ్డీలు అతికి బిగింపవలెను; లేనిచో సిల్లు తీయగనే ఒడలు వంకరపోవును. రెండు ప్రక్కలు ఒక్కసారి కోయరాదు. క్రొత్త రేకును మొదట పట్టుకఱ్ఱలతో నిలిపి, తలుపును తగిలించి మూసి చూడవలెను. చుట్టును సందు సమముగా నున్నప్పుడే వెల్డింగు. తలుపే అచ్చట త్రాసు. మావారు ఒక ప్రక్కను పదునొకండు మార్లు తగిలించి తీసిరి. విప్పిన మరలు, బోల్టులు నా పచ్చడి సీసాలలో చేరినవి. చీటీలు తెలుగులో నేను వ్రాసితిని. అతుకు ముగిసిన పిమ్మట బోలులోనికి మైనము చిమ్మించితిమి.

పాతదానిపై నాకు గల ప్రీతికి ఎల్ల లున్నవి. వెనుకటి బ్రేకులలో రాతినార, అనగా ఆస్‌బెస్టాసు, ఉండెడిది. దానిని ఈ దేశమున 1999లో పూర్తిగా నిషేధించిరి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. కాబట్టి డ్రమ్ములను ఊదుటగాని, పొడిగా తుడుచుటగాని వలదంటిని. తడిగుడ్డతోనే తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పురపాలకులు చెప్పిన చోట ఇచ్చిరి. ఆ పని జరిగినన్నాళ్లు పిల్లలకు గ్యారేజిలో ప్రవేశము లేదు. పెట్రోలు గొట్టములును అంతే. 2021 సెప్టెంబరు నుండి ఇచ్చటి సాధారణపు పెట్రోలులో నూటికి పది పాళ్ల వఱకు ఇథనాలు చేరినది, పాత రబ్బరు దానికి ఓర్వదు, కారినచో నిప్పంటుకొనును. అన్నియు క్రొత్తవే వేయించితిని. నలువదేండ్లు దాటి, పెద్ద మార్పులు పొందని బండికి 2018 నుండి ఏటేటి తనిఖీ తప్పనిసరి కాదు. మా బండికి మాత్రము తనిఖీ జరిగితీరవలెను. లేనిచో నేను ఎక్కను.

మొన్న ఇంజను పలికినది. దానికి కార్బ్యురేటర్లు రెండు. రెండును గాలిని సమముగా పీల్చవలెను. సన్నని రబ్బరుగొట్టము నొక కొన చెవికడ నుంచి, రెండవ కొన ఒక్కొక్కదాని నోటికడ పెట్టి, బుసబుసను పోల్చుకొనవలెను. మావారికి రెండును ఒకటే వినబడినవి. నేను విని, ఎడమది కొంచెము హెచ్చని చెప్పితిని. మర సగము చుట్టు త్రిప్పగా కుదిరినది. తంబుర శ్రుతిచేసిన చెవికి అదియొక లెక్క కాదు.

ఇక రంగు మిగిలినది. నేలమీది తివాచి యెత్తగా, దాని క్రింద ముదురాకుపచ్చ యున్నది. ఎఱుపు తరువాతివా రెవరో పూసినది. మూలపాఠము పచ్చయే యని నేను. పిల్ల లిద్దఱును ఎఱుపే యని పట్టుబట్టియున్నారు. మావారు రెండు డబ్బాల వెలలను కాగితముమీద వేసికొని కూర్చున్నారు.