టీవీ గేమ్ కంప్యూటర్‌లో ఆడుతున్నారా? స్పీడు చూసుకోండి

ఈసారి పంట సంగతి కాదు, ఆట సంగతి.

ఒకప్పుడు టీవీకి తగిలించి పిల్లలు మారియో, కాంట్రా ఆడిన గేమ్ డబ్బా గుర్తుందా? జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫామికామ్‌కి అవి నకళ్లు. మా దొనకొండలో మావాడి డబ్బా ఎప్పుడో పాడైంది. మొన్న పండక్కి వచ్చి ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌సీఈయూఎక్స్ అనే ఎమ్యులేటర్ ఎక్కించాడు. డబ్బా చేసే పని ఆ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అది ఉచితమే గానీ ఆటలు అందులో ఉండవు, వాటి హక్కులు కంపెనీలవి.

మొదలుపెట్టగానే "నాన్నా, ఇది మరీ ఉరుకుతా ఉంది" అన్నాడు. ఇన్నేళ్లయినా వేళ్లకి ఆ వేగం గుర్తుంది చూడండి! వాడన్నది నిజమే. మన పాత టీవీల్లో బొమ్మ సెకనుకు 50 సార్లు మారేది, జపాన్, అమెరికాల్లో 60 సార్లు. మన డబ్బాలు 50కి సరిపెట్టినవి. ఎమ్యులేటర్ మామూలుగా 60 మీద నడుస్తుంది, అంటే ఐదో వంతు ఎక్కువ జోరు. సెట్టింగుల్లో రీజియన్ దగ్గర ‘డెండీ’ పెట్టండి. అది రష్యాలో అమ్మిన ఇలాంటి నకలు డబ్బా పేరే. దెబ్బకి పాత నడక వచ్చేసింది.

ఇద్దరూ ఒకే కీబోర్డు మీద ఆడితే ఇంకో తంటా. నాలుగైదు మీటలు ఒకేసారి నొక్కితే కొన్ని కీబోర్డులు అన్నీ పట్టించుకోవు. ఒకరికి యూఎస్‌బీ ప్యాడ్ కొంటే గొడవ పోయింది.

అప్పట్లో వాడికి జత పక్కింటి పిల్లలు. ఇప్పుడు నేను. కాంట్రాలో మూడో స్టేజీ జలపాతం ఎక్కేటప్పుడు ముందున్నోడు పైకి పోతే కిందున్నోడు చస్తాడు. "ఆగరా" అంటే ఆగుతున్నాడు.