మధ్యగోడ

గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. నల్లమాడలో మా ఇంటి మధ్యగోడకు నోరు కూడా వుంది.

మా అత్తగారి కాలంలో అదంతా ఒకే మట్టిమిద్దె. రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన రెండడుగుల గోడలు. (2022లో జిల్లా పేరు శ్రీ సత్యసాయి అయింది గాని ఎండ మాత్రం పాత అనంతపురానిదే.) పక్కగదిలో పెళ్ళిమాటలు జరిగినా పెళ్ళికూతురికి వినబడేది కాదట! అన్నదమ్ములు భాగాలు పంచుకున్నాక నడిమింటికి అడ్డంగా గోడ లేపారు. ఎవరి ఖర్చు ఎంతన్న వాదనలో అది నాలుగున్నర అంగుళాలకు చిక్కిపోయింది. గోడ బరువు రెట్టింపైతే దాటే శబ్దం ఐదారు డెసిబెల్సు తగ్గుతుంది. మేము ఇటుకలు మిగుల్చుకుని రొద కొనుక్కున్నాం.

అక్క - నా తోడికోడలే లెండి - పొద్దున్నే మిక్సీ వేస్తే మా గూట్లో గ్లాసులు తాళం వేసేవి. 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట రాత్రి పదినుంచి ఆరుదాకా 45 డెసిబెల్సు దాటకూడదు. తోడికోడలి మీద ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరకు పోతాం చెప్పండి?

అసలు సంగతి వేరు. రెండో బోరూ ఎండిపోయిన రాత్రి మాకు పోట్లాట జరిగింది. మూడోది వేయిద్దామని ఆయన, పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు ఇవ్వనని నేను. మర్నాడు కుళాయి దగ్గర అక్క బిందె నింపుకుంటూ మెల్లగా "గాజులు మాత్రం తీయొద్దమ్మీ" అంది. తల కొట్టేసినట్టయింది. వాళ్ళ రొదే మాకొస్తోందనుకున్నాను గాని, మా బతుకు అటు పోతోందని తోచనేలేదు!

పంతం కొద్దీ మేస్త్రీని పిలిపించాను. రెండిళ్ళ స్విచ్చిబోర్డు పెట్టెలూ వీపూ వీపూ ఆనుకుని వున్నాయి. మా పెట్టె ఊడదీస్తే అక్క ఇంటి వెలుతురు కనిపించింది. గాలి దూరేచోట మాటా దూరుతుంది మరి. పెట్టె పక్కకు జరిపి, ఆ బొక్కా, పైకప్పు కింద వదిలేసిన సందూ సిమెంటుతో పూడ్చాడు. మిక్సీ సంగతి మాత్రం అవతలే తేలాలి. గోడకానిన బండమీద అది ఆడితే బండే గోడను తడుతుంది. కింద మందపాటి రబ్బరు వేసి, బండను కాస్త ఎడంగా జరపాలన్నాడు.

రబ్బరు ముక్క పట్టుకుని చాన్నాళ్ళకు అక్క గడప తొక్కాను. చూస్తే, పడకగదిలో మధ్యగోడ పొడుగునా పాత బొంతలు వేలాడుతున్నాయి.

"ఇదేందక్కా?"

"మీ మాటలు మా పిల్లోల్ల చెవిన పడగూడదని పోయినేడు శెనక్కాయ మూటలు అడ్డం పేర్చినా. ఆ పొద్దే మూటలు మిల్లుకు తోలితిమి, ఆ రాత్రే మీరు కొట్లాడితిరి. ఏం జేయల్ల మ్మీ?"

బొంతలు మాటను కాస్త మింగుతాయి గాని మిక్సీని ఆపలేవు. ఆ ముక్క చెప్పకుండా రబ్బరు ఆమె చేతిలో పెట్టాను.

ఇప్పుడు మిక్సీ తుమ్మెద రొదలా వినిపిస్తోంది. గాజులు చేతికే వున్నాయి. బోరు మాట ఇంకా తేలలేదు. అర్ధరాత్రి బావగారికి ఆయాసం వస్తే మీకెట్లా తెలుస్తుందని అక్కకు కొత్త బెంగ. రోకలితో గోడ మూడుసార్లు తట్టమన్నాను.

మెల్లగా తట్టమనండి, నాలుగున్నర అంగుళాలే, అని మేస్త్రీ చెప్పి మరీ పోయాడు.