'వద్దు' బటన్ ఎక్కడ పెట్టాలి?

ఈ మధ్య ఏం చేస్తున్నావని ఫ్రెండ్స్ అడిగితే 'ఒక బటన్ పెడుతున్నా' అంటున్నాను. నవ్వుతున్నారు. ఇంజినీరింగ్ చదివి, ఐదేళ్లుగా కోడ్ రాస్తూ, చివరికి ఒక బటనా అని! కానీ ఆ ఒక్క బటన్ మీదే మా టీమ్‌లో వారాల తరబడి చర్చ నడిచింది.

మీకూ తెలిసిన బటనే. ఏ సైట్ తెరిచినా కింద నుంచి ఓ డబ్బా లేచి 'మేం కుకీలు వాడతాం' అంటుంది కదా, అందులోది. 'అన్నీ ఓకే' అని పెద్ద రంగు బటన్ ఉంటుంది. మనం చదవం. వేలు దానంతటదే వెళ్లి నొక్కేస్తుంది.

కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీ. మళ్లీ వెళ్లినప్పుడు ఆ చీటీ చూసి మనల్ని గుర్తుపడుతుంది. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీన్ని తయారుచేశాడు. కార్ట్‌లో వేసిన వస్తువుల్లాంటివి గుర్తుంచుకోవడానికి పనికొచ్చేది. తర్వాత ప్రకటనల కంపెనీల చేతిలో పడి, సైటు సైటుకీ మన వెంట తిరగడం మొదలుపెట్టింది.

నాకొచ్చిన పని జర్మనీలో బట్టలమ్మే ఓ చిన్న కంపెనీ సైట్. బ్యానర్ అప్పటికే ఉంది. ఇన్‌కాగ్నిటోలో తెరిచి, డెవలపర్ టూల్స్‌లో అప్లికేషన్ ట్యాబ్ చూశాను. నేనింకా ఏ బటనూ నొక్కలేదు. అయినా గూగుల్ అనలిటిక్స్ కుకీ వచ్చేసింది. మామూలుగా దాని ఆయుష్షు రెండేళ్లు! లోపలికొచ్చి సోఫాలో కూర్చున్నాక 'రావచ్చా?' అని అడిగినట్టుంది.

కారణం చిన్నదే. పేజీ కోడ్‌లో అనలిటిక్స్ స్క్రిప్ట్ పైన ఉంది, అనుమతి అడిగే టూల్ కింద ఉంది. వరస మార్చాలి. ముందు టూల్ లోడ్ కావాలి. లాగిన్, కార్ట్ లాంటి తప్పనిసరి కుకీలు తప్ప మిగతావన్నీ మొదట 'నిరాకరణ'లో ఉండాలి. యూజర్ సరే అన్నాకే ఆ స్క్రిప్టులు నడవాలి. పేజీలో పెట్టిన వీడియోలూ కుకీలు తెస్తాయి కాబట్టి వాటినీ ఆపాలి. ఇదంతా రెండు రోజుల పని.

అసలు గొడవ 'వద్దు' దగ్గర వచ్చింది. అది 'సెట్టింగ్స్' లోపల ఉండాలన్నాడు వాళ్ల మార్కెటింగ్ మేనేజర్. ఆయన బాధ అబద్ధం కాదు. ఏ ప్రకటన చూసి కస్టమర్ వచ్చాడో తెలియకపోతే, ఉన్న కాస్త బడ్జెట్ ఎక్కడ పెట్టాలి?

చట్టం మాత్రం వేరేలా ఉంది. యూరప్‌లో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అమల్లో ఉంది. ముందే టిక్ పెట్టి ఉంచిన బాక్స్ అనుమతి కిందకు రాదని 2019లో యూరోపియన్ కోర్టు తేల్చింది. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్కు, కాదనడానికి చాలా క్లిక్కులు పెట్టినందుకు 2022 జనవరిలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు ప్రకటించింది.

ఇవన్నీ చెప్పాను. 'అందరూ ఇలాగే చేస్తున్నారు కదా' అన్నాడు. 'వద్దన్నవాళ్లు కూడా మీ దగ్గర చొక్కా కొంటారు కదండీ' అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి రెండు బటన్లూ పక్కపక్కనే, ఒకే సైజులో, ఒకే రంగులో పెట్టాం. అనలిటిక్స్‌లో అంకెలు తగ్గాయి. ఎన్ని ఆర్డర్లు వచ్చాయో మాత్రం వాళ్ల సొంత లెక్కల్లో ఎప్పటిలాగే కనిపిస్తోంది. ఏ ప్రకటన పనిచేసిందన్నది ఇప్పుడు కొంత అంచనానే. ఆ నష్టం ఆయనకుంది, కాదనను.

ఇది యూరప్ గోల, మనకెందుకు అనుకోకండి. మన దగ్గరా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబర్‌లో నిబంధనలొచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలిగ్గా ఉండాలంటుందా చట్టం. అనుమతి అడిగే మాటల్ని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లోనైనా గానీ చదువుకునే వీలుండాలి. అంటే తెలుగులో కూడా!

అది చదివాక ఊరికే ఓ తెలుగు బ్యానర్ తయారుచేద్దామనిపించింది. ఆటోమేటిక్ అనువాదం 'మీ సమ్మతిని ఉపసంహరించుకొనుటకు' అని మొదలైంది. దాన్ని తీసేసి ఇలా రాశాను: 'మీరు ఏమేం చూస్తున్నారో గమనించి, దాన్నిబట్టి ప్రకటనలు చూపిస్తాం. సరేనా?' కింద రెండు బటన్లు. సరే. వద్దు.

అమ్మకు చూపించాను. ఫోన్‌లో ఏదొచ్చినా ఓకే నొక్కేసే మనిషి, కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి 'వద్దు' నొక్కింది. 'ఇన్నాళ్లూ అడిగింది ఇదేనట్రా?' అంది.

అవును, ఇదే. ఈసారి డబ్బా లేచినప్పుడు మీరూ 'వద్దు' ఎక్కడుందో ఓసారి వెతకండి. రెండు సెకన్లలో దొరికితే, అవతల ఎవరో మీ తరఫున వాదించారని అర్థం.